రెండు కార్ల మధ్య చెవి మేస్త్రి

రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు వచ్చి, కార్లు బాగుచేసే షెడ్డు గోడ మీద రంగుతో ఒక బాణం గుర్తు వేసి వెళ్ళారు. ఆ గుర్తుకి రోడ్డు వైపున ఉన్నదంతా నెలాఖరుకల్లా పోతుంది. చెవి మేస్త్రి టేపు తీసుకుని మిగిలే చోటు మూడుసార్లు కొలిచాడు. మూడుసార్లూ ఒకటే తేలింది. రిపేరుకొచ్చే బండి ఒకటి, సొంత బండి ఒకటి. అంతకుమించి సైకిలు కూడా పట్టదు.

సొంత బళ్ళేమో రెండున్నాయి. ఒకటి లేతపచ్చ మోరిస్ మైనర్. నాలుగు తలుపులు, గుండ్రటి వీపు, బుగ్గలు పూరించి కూర్చున్న పెద్దావిడలా ఉంటుంది. రెండోది ఎర్ర ఎంజీబీ. రెండే సీట్లు, పైన మడిచి పెట్టే గుడ్డ కప్పు, నేలని కరుచుకుని దూకడానికి సిద్ధంగా ఉన్నట్టుంటుంది. రెండూ బ్రిటన్‌లో తయారైనవే. రెండూ వయసులో మేస్త్రికి ఇంచుమించు తమ్ముళ్ళే.

వీధి మలుపులో ఫోటో స్టూడియో నడిపే ఆయనకి ఒక పాత కారు కావాలి. కొత్త జంటలని పక్కన నిలబెట్టి ఫోటోలు తీయడానికట.

"ఏదిచ్చినా కళ్ళకద్దుకుంటాను మేస్త్రీ. వచ్చే ఆదివారం పొద్దున వస్తా. ఈలోగా తేల్చుకోండి," అనేసి వెళ్ళాడు.

తేల్చుకోవడానికి ఏముంది, అనుకున్నాడు మేస్త్రి. ఎర్రది ఉంటుంది, పచ్చది వెళ్తుంది. ఎర్రబండి వట్టి రేకు డొక్కుగా ఒక గోదాము వెనక పడి ఉంటే తెచ్చి, తొమ్మిదేళ్ళు కూర్చుని ఒక్కో నట్టూ బిగించి లేపిన మనిషి తను. పచ్చబండి కూతురు పుట్టకముందు కొన్నది. పిల్లని ఆసుపత్రి నుంచి తెచ్చింది, బడికి దింపింది, కాలేజీకి దింపింది, ఇక చాలు. ఎవరికైనా సర్వీసు అయిపోయే రోజు ఒకటుంటుంది కదా.

ఆయనకి చెవి మేస్త్రి అని ఎవరూ పేరు పెట్టలేదు. అదే వచ్చి అతుక్కుంది. ఇరవయ్యో ఏట ఒక పెద్ద గ్యారేజీలో బళ్ళు కడిగే పనిలో చేరినప్పుడు, అక్కడి పెద్ద మేస్త్రి ఇతని చెవి సంగతి కనిపెట్టాడు. గేటు దగ్గర బండి ఆగేసరికే ఈ కుర్రాడు లోపలినుంచి "మూడో సిలిండర్ కొట్టడంలేదు" అని చెప్పేవాడట. పెద్ద మేస్త్రి ఒకరోజు పిలిచి, మూరెడు రబ్బరు గొట్టం చేతిలో పెట్టాడు. అప్పటినుంచి ఇప్పటిదాకా ఆ గొట్టమే ఆయన పనిముట్టు, ఆయన పరువు కూడా.

ఆ గొట్టంతో పనేమిటంటే, ఎర్రబండిలాంటి వాటికి కార్బురేటర్లు రెండుంటాయి. ఇంజన్‌కి పెట్రోలు, గాలి కలిపి అందించేవి అవే. ఇంజన్ తిరుగుతుంటే వాటి మూతుల దగ్గర గాలి లోపలికి పోతూ సన్నగా స్‌స్‌స్ అంటుంది. రెండూ సరిసమానంగా పీలిస్తే బండి వెన్నలా పోతుంది. ఒకటి ఎక్కువా, ఒకటి తక్కువా పీలిస్తే ఒకే కాడికి ఎద్దునీ దూడనీ కట్టినట్టే. అందుకని గొట్టం ఒక కొసని కార్బురేటర్ మూతి దగ్గర, ఇంకో కొసని చెవి దగ్గర పెట్టి, ఆ రెండు చప్పుళ్ళూ ఒకటయ్యేదాకా స్క్రూలు తిప్పుకుంటూ పోవాలి.

"ముందుదాన్ని ఎడమ చేత్తో ఎడమ చెవికి, వెనకదాన్ని కుడి చేత్తో కుడి చెవికి," అని నేర్పాడు పెద్ద మేస్త్రి. "చేతులు అడ్డదిడ్డంగా వేశావో, చొక్కా చెయ్యి ఇంజన్ ఫ్యాను లాక్కుంటుంది. తర్వాత చెవి ఉన్నా చెయ్యుండదు."

నలభై ఏళ్ళుగా మేస్త్రి అలాగే వింటున్నాడు. వీధి చివర కొత్త గ్యారేజీవాళ్ళు ఈ పనికి మీటరు పెట్టారని ఎవరైనా అంటే, "మీటరు పాడైతే వాళ్ళు ఎవరి దగ్గరికొస్తారో అడిగి చెప్పండి," అని నవ్వేవాడు. పాత కార్లున్నవాళ్ళు ఆ ఊరి నుంచే కాక పక్క ఊళ్ళ నుంచీ వచ్చేది ఆ చెవికోసమే. ఆ చెవి లేకపోతే తనూ పదిమందిలో ఒక మేస్త్రేనని ఆయనకి తెలుసు.

పచ్చబండి వెళ్ళిపోతుందని రాత్రి భోజనాల దగ్గర చెప్పాడు. ఇల్లాలు గరిటె పక్కన పెట్టింది.

"ఆ ఎర్రదాంట్లో నేను మొత్తం నాలుగుసార్లు ఎక్కాను. నాలుగుసార్లూ ఇంటికొచ్చాక జడ విప్పి చిక్కు తీసుకోవడానికి గంట పట్టింది. నేను దిగాలంటే మీరు చెయ్యి పట్టుకుని పైకి లాగాలి. అది ఉంచుకుని, మనిషెక్కే బండిని పంపిస్తారా?"

"పికప్ చూడవే దానిది. పచ్చది కదిలేలోపు ఎర్రది ఊరు దాటుతుంది."

"ఊరు దాటి వెళ్ళే పని మీకేముంది?" అని, కూతురి వైపు తిరిగింది. "అయినా కార్లో నా మాట వింటేగా ఈయన! ఇంట్లో నేను గొణుక్కున్నా పట్టేస్తారు. స్టీరింగ్ ముందు కూర్చుంటే చాలు, చెవిటి వేషం."

కూతురు కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. తొమ్మిది నెలల పాప ఉంది. అల్లుడికి వేరే ఊళ్ళో ఉద్యోగం కావడంతో ఇప్పుడు తల్లీబిడ్డా ఇక్కడే ఉంటున్నారు. వచ్చే నెల ఒకటో తారీఖున సెలవు అయిపోతుంది. పాపని క్రెష్‌లో దింపి కాలేజీకి వెళ్ళాలంటే రెండు బస్సులు మారాలి. బస్సులో ఎంతమంది దగ్గుతారో ఆమె ఇప్పటికే ఒకరోజు వెళ్ళి లెక్కపెట్టి వచ్చింది. పాప తాగిన పాలు, పడుకున్న గంటలు, ఒంటి వేడి, అన్నీ ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీసి రాస్తుంది.

"తుమ్ములు కూడా రాస్తావటే?" అన్నాడు మేస్త్రి ఒకసారి ఆ పుస్తకం తిరగేసి.

"జలుబుకి ముందు ఎన్ని వస్తాయో తెలియాలిగా నాన్నా."

ఇప్పుడు ఆ పుస్తకంలోనే కొత్త పేజీ తీసింది. నిలువుగా ఒక గీత గీసి, ఒకవైపు 'ఎరుపు', ఒకవైపు 'పచ్చ' అని రాసింది.

"నువ్వొకటి, అమ్మొకటి అంటున్నారు. పరీక్ష పెట్టి చూద్దాం. ఏది నెగ్గితే అది ఉంటుంది. మిగిలిన బండి మీద నాకూ పని ఉంది కదా."

"బండి నేనే నడుపుతాను. నిన్ను నేను దింపుతాను," అన్నాడు మేస్త్రి వెంటనే. తన బళ్ళ స్టీరింగ్ ఇంకొకరికి ఇచ్చిన పాపాన పోలేదు ఆయన. కూతురికి లైసెన్సు ఉంది కానీ ఆ లైసెన్సుని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. పాప పుట్టాక ఆమె కూడా అడగడం మానేసింది. రోడ్డు మీద ఏమేం జరగవచ్చో ఊహించడం మొదలుపెడితే ఆమెకి చేతులు చెమటలు పట్టేవి.

"సరే, పరీక్షే పెట్టు," అన్నాడు మేస్త్రి. "సున్నా నుంచి గంటకి యాభై మైళ్ళ వేగానికి. పచ్చదానికి పట్టే టైములో సగం టైముకి ఎర్రది అందుకోకపోతే, నేనే తాళాలు తీసుకెళ్ళి స్టూడియో ఆయన చేతిలో పెడతా. రాసుకో!"

ఆమె రాసుకుంది.

మర్నాడు తెల్లారగానే ఊరి బయట, ఇంకా తెరవని కొత్త రోడ్డు మీదికి వెళ్ళారు. పాప అమ్మమ్మ దగ్గర ఉంది. కూతురు పక్క సీట్లో స్టాప్‌వాచ్ పట్టుకుని కూర్చుంది. పచ్చబండి గేరు గేరుకీ మూలుగుతూ, నిదానంగా, ఎవరితోనూ పోటీ లేనట్టు వెళ్ళింది. పద్దెనిమిది సెకన్లు. వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి, మళ్ళీ ఒకసారి. మూడింటికీ తేడా అర సెకను మించలేదు. ఇంటికెళ్ళి దాన్ని పెట్టి, ఎర్రది తెచ్చారు.

"తొమ్మిది కొట్టాలి నాన్నా."

"ఎనిమిదిన్నర కొట్టిన బండి ఇది. గట్టిగా పట్టుకో."

ఎర్రబండి గర్జించి లేచింది. రెండో గేరులో ఒకసారి తడబడింది. మూడో గేరులో ముందుకి లాగి, వెనక్కి తగ్గి, మళ్ళీ లాగింది. మెట్ల మీద బిందె దొర్లినట్టుంది ఆ నడక. యాభై ముట్టుకునేసరికి పన్నెండున్నర అయింది.

మేస్త్రి బండి తిప్పి మళ్ళీ పరుగు పెట్టించాడు. పదమూడు.

ఆ రోజు మిగిలిన పరీక్షలు కూడా అయ్యాయి. పాపని కూర్చోబెట్టి తోసే బండి పచ్చదాని డిక్కీలో మడిచి పెడితే పట్టింది. ఎర్రదాంట్లో అది పక్కసీట్లో మనిషి ఒళ్ళోనే ప్రయాణం చేయాలి. లీటరుకి పచ్చది పద్నాలుగు కిలోమీటర్లు, ఎర్రది తొమ్మిది. వానొస్తే ఎర్రదాని గుడ్డ కప్పు వేయడానికి ఎంతసేపు పడుతుందని అడిగితే, "రెండు నిమిషాలు," అన్నాడు మేస్త్రి. స్టాప్‌వాచ్ నొక్కితే నాలుగు నిమిషాల పది సెకన్లు. అందులో ఒక నిమిషం ఒక బొత్తాన్ని తిట్టడానికి పోయింది.

అయితే ఒకచోట కూతురు ఎదురుచూడనిది జరిగింది. నలభై మైళ్ళ వేగంలో బ్రేకు వేసి, ఆగినచోట సున్నంతో గీత గీశారు. ఎర్రబండి పచ్చదానికంటే ఎంతో ముందే ఆగింది. ఆమె ఆ రెండు గీతల మధ్య అడుగులేసుకుంటూ నడిచింది. పదకొండడుగులు. ఆ పదకొండడుగుల్లో ఎవరైనా ఉండవచ్చు, ఏదైనా ఉండవచ్చు. పుస్తకంలో అంకె వేసి, దాని కింద రెండు గీతలు గీసింది.

మేస్త్రికి మాత్రం బ్రేకులు గుర్తే లేవు. పన్నెండున్నర అన్న అంకె ఆయన నెత్తిమీద కూర్చుంది. షెడ్డులోకి రాగానే బానెట్ ఎత్తి, గొట్టం తీసి, బండి ఎడమపక్కన తన మామూలు చోటులో నిలబడ్డాడు. ముందుదాన్ని ఎడమ చెవికి, వెనకదాన్ని కుడి చెవికి. ముందుది కాస్త తక్కువ పీలుస్తున్నట్టుంది. స్క్రూ తిప్పాడు. రెండూ ఒకటయ్యేదాకా తిప్పాడు. మర్నాడు మళ్ళీ తీసుకెళితే పదమూడున్నర వచ్చింది.

"పెట్రోలు మంచిది కాదు," అన్నాడు. పెట్రోలు మార్చాడు. మళ్ళీ విన్నాడు, మళ్ళీ ముందుదే తక్కువ పీలుస్తోంది, మళ్ళీ తిప్పాడు. పద్నాలుగు.

కూతురు ఆ అంకెలన్నీ వరసగా రాసి, పెన్ను చివర కొరుకుతూ కూర్చుంది.

"నాన్నా, ఒక మాటంటాను, కోపం తెచ్చుకోకు. కొలతలో పొరపాటుంటే అంకె ఒకసారి పైకీ ఒకసారి కిందికీ పోవాలి. నువ్వు సరిచేసిన ప్రతిసారీ ఒకే వైపుకి చెడుతోంది. అంటే..."

"అంటే బండి ముసలిదైందని. అంతే. నాకు పాఠం చెప్పకు," అని గొట్టం మేకుకి తగిలించి, కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళిపోయాడు. ఆదివారానికి ఇంక రెండు రోజులే ఉంది.

శుక్రవారం సాయంత్రం మేస్త్రి షెడ్డులో స్టూలు మీద కూర్చుని మనవరాలిని ఆడిస్తున్నాడు. దాన్ని ఆయన బుడంకాయ అంటాడు. దాని సంగతిలో కూతురికి ఇంకో బెంగ కూడా ఉంది. కిందటి నెల ఆసుపత్రిలో నర్సు పాప వెనక నిలబడి, కుడివైపు ఒకసారి, ఎడమవైపు ఒకసారి గిలక్కాయ ఆడించింది. ఒకవైపు ఆడించినప్పుడు పాప ఆలస్యంగా తిరిగింది. "జలుబు వల్ల కావచ్చమ్మా, నెల తర్వాత మళ్ళీ చూద్దాం," అంది నర్సు తేలిగ్గా. ఆ 'కావచ్చు' అన్న మాట ఈమెకి నెలంతా నిద్ర లేకుండా చేసింది. రోజుకి ఒకసారే పరీక్ష చేయాలని నియమం పెట్టుకుని, రోజుకి నాలుగుసార్లు చేస్తోంది.

"ఆ గిలక్కాయ పట్రా. నా ఎదురుగా ఒకసారి చెయ్యి, చూస్తాను," అన్నాడు మేస్త్రి. "దీని చెవులు నా పోలిక. నీ భయమే కానీ."

కూతురు ఇద్దరికీ వెనక నిలబడింది. కుడివైపు మెల్లగా ఆడించింది. పాప ఠక్కున కుడికి తిరిగింది.

"చూశావా! ఇప్పుడు ఎడమవైపు ఆడించు."

పాప ఎడమకి తిరిగింది. గిలక్కాయని చూసి చెయ్యి చాపింది.

"ఆడించవేమే?" అన్నాడు మేస్త్రి.

వెనక్కి తిరక్కుండానే గొంతు పెంచాడు.

"ఎడమవైపు ఆడించమంటుంటే!"

"ఆడిస్తున్నాను నాన్నా," అంది కూతురు చాలా నెమ్మదిగా. "బుడంకాయ చూస్తోంది కదా."

మేస్త్రి తల తిప్పి చూశాడు. ఎడమ చెవికి జానెడు దూరంలో, కూతురి చేతిలో గిలక్కాయ ఊగుతోంది. తల తిప్పిన తర్వాత వినపడింది.

"పైన ఫ్యాను తిరుగుతోందిగా," అన్నాడు.

ఆమె వెళ్ళి ఫ్యాను ఆపింది. మళ్ళీ ఆడించింది. పాప ఇటూ అటూ తిరిగి కిలకిలా నవ్వుతోంది, ఇదేదో తనకోసం కనిపెట్టిన కొత్త ఆటైనట్టు. మేస్త్రి మాత్రం కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చున్నాడు. కుడివైపు ఆడించినప్పుడు వేలెత్తాడు. ఎడమవైపు ఆడించినప్పుడు వేలు లేవలేదు. కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెల రోజుల బెంగ తీరినందుకు వచ్చాయో, ఈ కొత్తదానికి వచ్చాయో ఆమెకే తెలియలేదు.

మేస్త్రి పాపని ఆమెకిచ్చి లేచాడు. పాపని లోపలికి తీసుకెళ్ళమని చెప్పి, షట్టరు పూర్తిగా ఎత్తి, ఎర్రబండి స్టార్టు చేశాడు. కూతురు పాపని తల్లికి అప్పగించి, వెంటనే తిరిగొచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన గొట్టం తీసుకున్నాడు. ముందు తన పద్ధతిలోనే విన్నాడు. ఎడమ చెవికి ముందుది, కుడి చెవికి వెనకది. రెండూ సరిసమానంగా, అందంగా, స్‌స్‌స్.

తర్వాత నలభై ఏళ్ళలో ఎన్నడూ చేయని పని చేశాడు. చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి, ఒంటిని పక్కకి తిప్పి, ముందు కార్బురేటర్ దగ్గరున్న గొట్టాన్ని కుడి చెవికి పెట్టుకున్నాడు.

కుళాయి మొత్తం తిప్పేసినట్టు హోరుమంది. తక్కువ పీలుస్తోందని తను తిప్పుతూ వచ్చినదే, వెనకదానికంటే ఎంతో ఎక్కువ పీలుస్తోంది.

ఇంజన్ ఆపేసి, బానెట్ అంచు పట్టుకుని నిలబడిపోయాడు. కూతురు దగ్గరికి రాలేదు. ఆ అంచుని పట్టుకున్న ఆయన వేళ్ళని మాత్రం చూస్తోంది.

"పళ్ళ డాక్టరు కారు," అన్నాడు, తనలో తాను లెక్కపెట్టుకుంటున్నట్టు. "బట్టల మిల్లు మేనేజరు కారు. ఆ అన్నదమ్ములది. సంగీతం టీచరమ్మది. ఏడాదిలో నాలుగు. నలుగురూ మళ్ళీ వచ్చారమ్మా. పికప్ లేదు మేస్త్రీ, ఊపేస్తోంది మేస్త్రీ అన్నారు. నేనేమన్నానో తెలుసా? బండికి వయసైంది, మీరే సర్దుకోవాలి అన్నాను. నవ్వుతూ చెప్పాను."

"నీకు తెలియదు కదా నాన్నా."

"తెలియాలి. తెలియడమే కదా నా పని."

కూతురి వెనక ఇల్లాలు పాపని చంకనేసుకుని నిలబడి ఉంది. ఆవిడ ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు.

"ఎడమ చెవా?" అంది.

మేస్త్రి తలూపాడు.

"కార్లో నేను కూర్చునేది మీకు ఎడమపక్కనేగా!" అని ఆగింది. ఆవిడ మొహంలో ఏవేవో దాటిపోయాయి. "మా అక్క పోయినప్పుడు, తిరిగొస్తూ దారిలో మీతో ఒక మాటన్నాను. మీరు పలకలేదు. రోడ్డు చూస్తూ ఉండిపోయారు. ఈ పద్నాలుగు నెలలూ నేను... సరేలెండి."

"ఏమన్నావు?"

"ఇప్పుడెందుకు? పాపకి ఆకలేస్తోంది," అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున చెవి డాక్టరు యంత్రంతో చూసి, ఎడమ చెవిలో సన్నటి శబ్దాలు పట్టే నరాలు బాగా దెబ్బతిన్నాయని, చిన్న పరికరం పెట్టుకుంటే మాటలు తెలుస్తాయి కానీ మునుపటి చెవి తిరిగి రాదని చెప్పాడు. కుడిది గట్టిగానే ఉందట. మేస్త్రి విన్నాడు, తలూపాడు, ఇంటికొచ్చి ఎర్రబండి బానెట్ ఎత్తాడు. ఈసారి రెండు కార్బురేటర్లనీ కుడి చెవితోనే విన్నాడు. ముందు ఒకటి, అది చెవిలో ఉండగానే రెండోది. ఒకే చెవికి రెండూ గుర్తుపెట్టుకుని పోల్చడం కష్టమే. స్క్రూ తిప్పడం, ఆగడం, మళ్ళీ వినడం. గంట పట్టే పనికి మూడు గంటలు పట్టింది. సాయంత్రం ఖాళీ రోడ్డు మీద కూతురు స్టాప్‌వాచ్ నొక్కింది.

బండి ఎక్కడా తడబడలేదు. గీసిన గీతలా పోయింది.

"ఎనిమిది పాయింటు ఎనిమిది!" అని అరిచింది కూతురు. "నెగ్గింది నాన్నా! నీ మాట ప్రకారం ఎర్రదే ఉండాలి."

మేస్త్రి రోడ్డు పక్కకి తీసి ఆపాడు. ఇంజన్ ఆపకుండా కాసేపు వింటూ కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళు దీన్ని ఎందుకు కట్టినట్టు? ఎక్కడికి వెళ్ళడానికి? ఆదివారం పొద్దున ఒక చుట్టు, అంతే. వీధిలో జనం ఆగి వింటారు, 'చెవి మేస్త్రి బండి' అనుకుంటారు. సర్టిఫికెట్టు లాంటిది ఈ బండి, గోడకి కాక రోడ్డుకి తగిలించుకున్న సర్టిఫికెట్టు. ఇప్పుడు ఒక్క చెవితో ఎనిమిది పాయింటు ఎనిమిది చూసేశాక, ఇంకెవరికి చూపించాలి?

"పచ్చదానికి బ్రేకులు ఎంత తేడా అన్నావు?" అని అడిగాడు.

"పదకొండడుగులు."

"ముందు చక్రాలకి డిస్కు బ్రేకులు వెయ్యొచ్చు దానికి. వెనక సీటుకి బెల్టులు లేవు, అవీ బిగిస్తా. అప్పుడు మళ్ళీ గీత గీద్దాం."

కూతురు ఆయన వైపు చూసింది. "కానీ పందెం నువ్వే నెగ్గావు."

"పందెం నెగ్గింది బండి, నేను కాదు. మనకి కావలసింది మనుషులెక్కే బండి."

ఇంటికి రాగానే ఫోను దగ్గర కూర్చున్నాడు. అన్నిటికంటే కష్టమైన పని ఇదేనని ఆయనకి తెలుసు. నాలుగు నంబర్లు కాగితం మీద రాసుకుని, మొదటిదాని దగ్గరే పది నిమిషాలు ఆగాడు. ఈ మాట ఒకసారి నోరు దాటితే, వీధి చివర మీటరు ఉన్నవాళ్ళ దాకా వెళ్తుంది. రిసీవరు ఎడమ చెవి దగ్గర పెట్టుకున్నాడు, మళ్ళీ కుడి చెవికి మార్చుకున్నాడు.

"డాక్టరుగారూ, నేను మేస్త్రిని. మీ బండికి వయసైందన్నాను చూడండి, అది తప్పు. వయసైంది నా చెవికి. ఎడమది పోయింది. మీ బండి స్క్రూలు నేనే తప్పుగా తిప్పాను. తీసుకురండి, సరిచేస్తాను."

అవతల పళ్ళ డాక్టరు పెద్దగా ఊపిరి వదిలాడు.

"బతికించారు మేస్త్రీ! బండి నడపడం నాకే చేతకావడం లేదని, మా ఆవిడ ఎనిమిది నెలలుగా నన్ను ఏడిపిస్తోంది. ఈ మాట ఆవిడకి మీరే చెప్పాలి, ఉండండి, పిలుస్తా."

నలుగురిలో ముగ్గురు తెస్తామన్నారు. బట్టల మిల్లు మేనేజరు మాత్రం, "చెవి పోయాక ఇంక మీ దగ్గరికెందుకు?" అనేసి ఫోను పెట్టేశాడు. మేస్త్రి ఆ నంబరు కొట్టేయలేదు. దాని పక్కన ఒక చుక్క పెట్టి, కాగితం మడిచి జేబులో వేసుకున్నాడు.

ఆదివారం స్టూడియో ఆయన వచ్చేసరికి ఎర్రబండి కడిగి సిద్ధంగా ఉంది. ఆయన దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాడు.

"ఇదా? ఇది ఇస్తారా?"

"రెండు షరతులు. ఫోటోలకి నిలబెట్టే బొమ్మ కాదిది. వారానికి ఒకసారైనా నడపాలి. మూడు నెలలకోసారి నా దగ్గరికి తేవాలి. ఇంకోటి, ముందే చెబుతున్నా. నాకు ఒక్క చెవే పనిచేస్తుంది. ఇష్టమైతేనే తీసుకెళ్ళండి."

స్టూడియో ఆయన ఆలోచించాడు. సీటు మీద చెయ్యి వేసి చూసుకున్నాడు.

"మేస్త్రీ, ఈ చుట్టుపక్కల రెండు చెవులున్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. వాళ్ళలో ఒక్కడికీ ఈ పని రాదు. తాళాలివ్వండి."

బండి మలుపు తిరిగేదాకా మేస్త్రి వింటూ నిలబడ్డాడు. తలని కాస్త ఎడమకి తిప్పి, కుడి చెవిని రోడ్డుకి ఇచ్చి.

పచ్చబండి బ్రేకులకి పది రోజులు పట్టింది. బెల్టుల బోల్టులు ఎంత బలానికి తెగుతాయని కూతురు మూడుసార్లు అడిగింది. నాలుగోసారి అడక్కుండా మేస్త్రి వాటిని పట్టుకుని బండి మొత్తాన్ని ఊపి చూపించాడు. సున్నం గీతల మధ్య తేడా పదకొండు నుంచి మూడడుగులకి తగ్గింది. ఆ మూడు ఆమెకి ఇంకా నచ్చలేదు కానీ, పుస్తకంలో రాసుకుని ఊరుకుంది.

ఒకటో తారీఖు పొద్దున ఇల్లాలు పాపతో వెనక సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది. మేస్త్రి డ్రైవరు తలుపు తీసి, ఎక్కకుండా, పక్కకి జరిగాడు.

"నేనా?" అంది కూతురు.

"నేను నడిపితే మీరంతా నా ఎడమపక్కకి వస్తారు. నువ్వు నడిపితే నేను ఆ పక్కన కూర్చుంటా. అందరూ వినబడతారు."

"నాకు భయం నాన్నా. పాప వెనకుంది."

"తెలుసు. అందుకే నెమ్మదిగా నడుపుతావు. ఈ బండికి అంతకంటే వేగం రాదు కూడా."

ఆమె కూర్చుంది. అరచేతులు చీరకి తుడుచుకుని, అద్దం సర్దుకుని, మళ్ళీ సర్దుకుని, గేరు వేసింది. బండి ఒక్క ఉలికిపాటుతో కదిలి, తర్వాత తన మామూలు మూలుగు అందుకుంది. మేస్త్రి ఎడమ సీట్లో కూర్చుని, ఇంతకాలం ఈ బండిలో తను వినని వాటిని వింటున్నాడు. పాప ఏదో పాటలాంటిది తీస్తోంది. రెండో గేరు దగ్గర సన్నగా ఒక గీరుడు ఉంది, చూడాలి. కూతురు పైకే లెక్కపెడుతోంది, ముందు బండికీ తనకీ మధ్య ఎన్ని సెకన్లో.

"ఆ రోజు ఏమన్నావే?" అన్నాడు వెనక్కి తిరక్కుండా.

ఇల్లాలు పాప చేతిలోంచి గిలక్కాయ తీసి పక్కన పెట్టింది.

"అక్క కూడా పోయింది, నాకింక ఎవరున్నారు, అన్నాను."

"నేను లేనా?"

"అదే. ఆ మాట అప్పుడు అనాల్సింది."

"అప్పుడు వినపడలేదు కదే."

"తెలిసిందిలెండి ఇప్పుడు," అంది ఆవిడ. ముందుకి వంగి, "సరే, ఇంకోసారి అనండి," అంది.

కూతురు ఎర్రదీపం దగ్గర గీతకి చాలా ముందే బండి ఆపింది.